చివరగా విప్పింది ఎవరు?

నాకు చెవులు పోయే ముందు రోజు పొద్దున్నే మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. ఇంకెవరి మొగుడైనా అలాంటి రోజున పెళ్ళాం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాడేమో. మా ఆయనకు చేతిలో ఏదో ఒక పనిముట్టు లేకపోతే తోచదు.

చెవులు అన్నాను గానీ పోయేది ఒక్కటే. కుడిది నాకు ఏడేళ్ళప్పుడే చీము పట్టి పోయింది. ఉన్న ఎడమ చెవి వెనక, నరాన్ని అంటిపెట్టుకుని, చిక్కుడు గింజంత గడ్డ ఉందని మూడు నెలల క్రితం బయటపడింది. కళ్ళు తిరుగుతున్నాయని వెళ్తే తేలిన సంగతి అది. గడ్డ ఉన్న చోటు మంచిది కాదనీ, వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ, తీస్తే వినికిడి నరం కూడా దాంతోపాటే పోతుందనీ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆపరేషన్ బుధవారం ఉదయం. మంగళవారం సాయంత్రం అయిదింటికల్లా చేరిపోవాలి. నాలుగింటికి కారు తెస్తానని మా మరిది అన్నాడు. ఆసుపత్రిలో అడుగు పెట్టాక వినడానికి ఏముంటుంది, తోపుడు మంచాల చక్రాలూ నర్సుల కేకలూ తప్ప? నాకు మిగిలింది మంగళవారం పొద్దుట్నుంచి నాలుగింటి దాకా.

ఆ రోజుకు నేను ఒక్క కోరిక పెట్టుకున్నాను. అది చెప్పాలంటే ముందు మా పని గురించి చెప్పాలి.

మా ఇంటి ముందుగదే మా షాపు. మా ఆయన వాల్వు యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. గాజు బుడ్డీల్లో తీగలు ఎర్రగా కాలుతూ పాటను పెద్దది చేసే పాతకాలపు పెట్టెలు అవి. వాటిని ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే పిచ్చివాళ్ళు ఊరి నిండా ఉన్నారు. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. కానీ మాస్టారి చెవులు అంత గొప్పవేం కావు. పెళ్ళికి ముందు ఆరేళ్ళు దారం మిల్లులో, యంత్రాల హోరులో పనిచేశాడు. మనం మాట్లాడేది వినబడుతుంది, వీధిలో హారన్ వినబడుతుంది. సన్నటి శబ్దాలు మాత్రం ఆయన దాకా రావు. ఒక యాంప్‌లో ఎక్కడో సన్నగా గుయ్‌మంటుంటే ఆయనకు అంతా ప్రశాంతంగానే ఉంటుంది. అందుకని ముప్ఫై ఏళ్ళుగా చేతులు ఆయనవి, చెవి నాది. నేను స్పీకరు ముందు కుర్చీలో ఎడమ చెవి అటు తిప్పి కూర్చుంటాను. ఆయన ఏదో ఒకటి తిప్పుతుంటాడు, మారుస్తుంటాడు, పెన్సిలుతో తడుతుంటాడు. శబ్దం ఆగిన చోట నేను "ఆగండి" అంటాను. "మా ఇంటి మీటరు" అని వచ్చినవాళ్ళ దగ్గర నన్ను చూపించి నవ్వుతాడు.

షాపులో నావి రెండు నియమాలు. ఒకటి, ఎవరు యాంప్ తెచ్చినా దాన్ని బల్ల మీద పెట్టకముందే అడుగుతాను, "దీన్ని చివరగా విప్పింది ఎవరు?" అని. సగం జబ్బులు యాంప్‌కు పుట్టినవి కావు, విప్పినవాడు పెట్టినవి. "ఎవరూ విప్పలేదండీ" అంటారు మొహం పక్కకు తిప్పుకుని. విప్పింది బావమరిదో, పక్కింటి ఇంజనీరో నిజం చెప్పేదాకా నేను వదలను. రెండోది, నేను వింటున్నంతసేపు గదిలో ఎవరూ ఊపిరి తీయకూడదు. కొత్తవాళ్ళు నవ్వుతారు. మా ఆయన మాత్రం నేను చెవి తిప్పగానే చటుక్కున ఊపిరి బిగపడతాడు. ఎంత బాగా అలవాటైందంటే, ముప్ఫై ఏళ్ళు ఒక గదిలో పనిచేసినా ఆ మనిషి ఊపిరి శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలియదు. పడుకునేటప్పుడు వినొచ్చు కదా అంటారేమో. పగలంతా విని విని అలసిపోయి, పడుకోగానే ఆ మంచి చెవిని దిండుకేసి నొక్కేస్తాను. ఇక పక్కన ఇల్లు కూలినా నాకు వినబడదు.

ఇప్పుడు కోరిక. పెళ్ళయిన ఏడాది మా ఆయన తన చేతులతో ఒక యాంప్ కట్టాడు, అమ్మడానికి కాదు, మాకోసం. దానితోపాటు ఒక వయొలిన్ రికార్డు కొన్నాం. వాయించినాయన ఎవరో మాకు మనిషిగా తెలియదు. ఆ రికార్డు రెండో వైపు చివర్లో వయొలిన్ సన్నబడి, సన్నబడి, ఇక అయిపోయిందనుకునేంత చోట ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఖాళీలో వాయించేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ తరువాత ఆఖరి స్వరం వస్తుంది. ఆ ఊపిరి చాలా చిన్నది. యాంప్‌లో వెంట్రుకంత గుయ్యి ఉన్నా దాని కింద పడి మునిగిపోతుంది. మా యాంప్‌లో మాత్రం వినబడేది. మొదటిసారి నేను విని చెబితే మా ఆయన నమ్మలేదు, తనకు వినబడదు కదా మరి. నాకు చెవి ఉన్న ఆఖరి రోజు ఆ ఊపిరి ఒక్కసారి వినాలి. అంతే నేను అడిగింది.

"నా ఫోన్లో ఉంది కదమ్మా అదే పాట, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను" అంది మా అమ్మాయి. నేను విన్నాను కూడా. దాన్లో ఆ ఊపిరి లేదు. ఎవరో పుణ్యాత్ముడు శుభ్రం చేస్తున్నాననుకుని దాన్ని కూడా తుడిచిపారేశాడు.

మంగళవారం ఎనిమిదింటికి స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, సినిమాకు వెళ్తున్నంత సంబరంగా కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన స్విచ్ వేశాడు. బుడ్డీలు ఎర్రబడ్డాయి. అర నిమిషం తరువాత స్పీకరులోంచి జుర్ర్‌మని ఒక శబ్దం మొదలైంది.

"హమ్ వస్తోందండీ" అన్నాను.

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, స్పీకర్లో. గరుగ్గా."

ఆయన మొహంలో రంగు పోయింది. నాకు జబ్బని డాక్టరు చెప్పినప్పుడు కూడా అంత రంగు పోలేదు. నేను ఆ సంగతి అప్పుడు గమనించాను గానీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ తొమ్మిదింటికే అయిపోయేది.

మొదట తేలిక పనులు చేశాం. రికార్డు ప్లేయర్ తీగ ఊడబెరికాడు, శబ్దం ఉంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాడు, ఉంది. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం, అమ్మాయి ఛార్జరు పీకాం. నాలుగు వాల్వుల్లో మొదటిది తీసేయగానే శబ్దం టక్కున ఆగింది.

"దొరికింది దొంగ" అన్నాడు మా ఆయన, ప్రాణం లేచొచ్చినట్టు. "మొదటి వాల్వే. పదినిమిషాల పని."

పెట్టెలో ఆ రకం వాల్వులు పదకొండు ఉన్నాయి. ఒక్కోదానికీ యాంప్ ఆపాలి, చల్లారనివ్వాలి, మార్చాలి, వేడెక్కనివ్వాలి. పదకొండూ మార్చాం. పదకొండింటిలోనూ అదే జుర్రు. పదకొండోది అయ్యేసరికి పదింపావు అయింది.

"వాల్వు కాదు" అన్నాను.

"నాకూ తెలుస్తోందిలే."

"నామీద చిరాకు పడకండి. చెవి పోయేది నాకు."

ఆయన యాంప్‌ను తలకిందులు చేసి అడుగు రేకు విప్పాడు. విద్యుత్తు ఉన్న యాంప్‌లో చెయ్యి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో ఉండాలి, లేకపోతే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఆయనకు అది నడక అంత అలవాటు. ఆ రోజు రెండు చేతులూ బయటే ఉన్నాయి. "జేబు" అన్నాను. పెట్టుకున్నాడు.

వాల్వుల్ని వేడిచేసే తీగల కోసం ఒక చిన్న తిప్పుడు మర ఉంటుంది. దాన్ని తిప్పుతుంటే నేను విన్నాను. శబ్దంలో లావుపాటి భాగం ఏదో తగ్గింది, "ఆగండి" అన్నాను, ఆగాడు. గరుకు మాత్రం అలాగే ఉంది, బియ్యంలో రాయిలాగ. నాకు ఆ గరుకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను.

"ఇది ఫిల్టరు కెపాసిటర్ల గొడవండీ. కరెంటును చదును చేసే డబ్బాలే. ముసలివైపోయుంటాయి. అవి చూడండి."

"అవి బాగానే ఉన్నాయి."

"చూశారా?"

"చూశాను. వాటి జోలికి పోకు."

మా ఆయన నాతో అబద్ధం ఆడిన మనిషి కాదు. ఆడటం చేతకాదు కూడా. నేను నమ్మాను. ఆయన మీటరు పెట్టి చూపించాడు, వోల్టులన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. ఆ కెపాసిటర్లున్న వెండి రంగు డబ్బా కూడా పెళ్ళయిన ఏడాది పెట్టిందే, పైన నేను గోటితో గీసిన గీత అలాగే ఉంది. సరే, నా చెవే పొరబడి ఉంటుంది, గడ్డ దాన్ని కూడా తినడం మొదలుపెట్టి ఉంటుంది అనుకున్నాను. ఈ శబ్దం యాంప్‌లో ఉందా, నా తలలో ఉందా? మా అమ్మాయిని పిలిచి స్పీకరు దగ్గర చెవి పెట్టమన్నాను.

"ఏదో సన్నగా వస్తోంది. ఫ్యాను శబ్దంలో పదో వంతు కూడా లేదు. దీనికోసమా ఇంత గోల?" అంది.

వస్తోందనగానే నాకు అమ్మాయిని ముద్దుపెట్టుకోవాలనిపించింది. కానీ అది వెళ్ళిపోలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"అమ్మా, నేను సెలవు పెట్టి వచ్చింది నీతో మాట్లాడదామని. పొద్దుట్నుంచి నాతో నాలుగు మాటలన్నా మాట్లాడలేదు నువ్వు. రేపట్నుంచి నేను మాట్లాడితే నీకు..." అని ఆపేసింది.

"వస్తా తల్లీ. ఇదొక్కటి అయిపోనీ."

"ఎప్పుడూ అదే మాట. ఇదొక్కటి అయిపోనీ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆసుపత్రి సంచిలో నా బట్టలు సర్దుతూ అల్మారా తలుపులు దబదబా వేసింది. ఆ చప్పుడు కూడా వినాల్సిన చప్పుడే అని నాకు అప్పుడు తోచలేదు. నేను జుర్రు వింటున్నాను.

పన్నెండింటికి లోపలికి వచ్చే షీల్డు తీగ మార్చాడు, పోలేదు. పన్నెండున్నరకు ఇంకో కెపాసిటరు, పోలేదు. ఒంటిగంటకు అన్నం తినమని అమ్మాయి పిలిస్తే ఇద్దరం కసురుకున్నాం. పెన్సిలుతో ప్రతి అతుకూ తట్టాడు, ప్రతి తీగా కదిపాడు. ఆయన పని నాకు తెలుసు, ఒక వరసలో వెళ్తాడు, ఒక చోట తేలాకే ఇంకో చోటుకు కదులుతాడు. ఆ రోజు ఇక్కడొకటి పీకాడు, అక్కడొకటి పెట్టాడు, పెట్టిందే మళ్ళీ పీకాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. కాలే టంకం ఐరన్‌ను కొనవైపు పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో అలా జరగలేదు.

రెండింటికి ఒక మెరుపు మెరిసి యాంప్ పూర్తిగా ఆగిపోయింది. ఏదో తీగ దేనికో తగిలి ఫ్యూజు పోయింది. కొత్తది వేయగానే అదీ పోయింది. ఇంట్లో మిగిలింది ఒక్కటే.

నేను ఏడవడం మొదలుపెట్టాను. బయటికి కాదు, ఏడిస్తే ముక్కు కారి ఉన్న చెవి కూడా దిమ్మెక్కుతుందని భయం. ఏడుపు మింగుకుంటూ, కోపంతో అన్నాను.

"మీరు ఏం చేస్తున్నారో మీకు తెలుస్తోందా? మొత్తం ఊడపీకి కూర్చున్నారు. పొద్దున అలాగే వినేసి ఉంటే కనీసం వయొలిన్ అన్నా విని ఉండేదాన్ని!"

"అయితే అలాగే వినాల్సింది!" అని అరిచాడు. వెంటనే "అది కాదు... అది కాదే" అన్నాడు. స్క్రూడ్రైవర్ మళ్ళీ అందుకున్నాడు. "బాగుచేస్తాను. ఒక్క అరగంట."

ఫ్యూజులు ఎందుకు పోతున్నాయో కనుక్కుని, ఉన్న ఒక్కటీ పెట్టేసరికి మూడైంది. స్విచ్ వేసేటప్పుడు ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. బుడ్డీలు ఎర్రబడ్డాయి. జుర్రు తిరిగొచ్చింది. దాన్ని విని నాకు సంతోషం కూడా కలిగింది, కనీసం యాంప్ బతికుందని. అంత దిగజారిపోయాను.

గంట ఉంది. ఆయన రెండు చేతులూ బల్లకు ఆనించి తల వంచుకుని నిలబడిపోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాడి తీరు అది. ఆయన్ని అలా చూడటం నాకు కష్టమైంది. అందుకే లేచాను. స్విచ్ ఆపేసి ఆయన పక్కకు వెళ్ళి, టేబుల్ లైటు లాగి, యాంప్ కడుపులోకి తొంగిచూశాను. నేను ఎప్పుడూ అలా చూడను. చూడటం ఆయన పని, వినడం నా పని. వంగితే కళ్ళు తిరుగుతాయి కూడా. బల్ల అంచు పట్టుకుని చూశాను.

ముప్ఫై ఏళ్ళ యాంప్ లోపల టంకం అంతా మసకబారి, సీసం రంగులో ఉంటుంది. పొద్దుట్నుంచి ఆయన ముట్టుకున్నవన్నీ ఒక మూల, మొదటి వాల్వు చుట్టూ ఉన్నాయి. అవి మెరుస్తున్నాయి, సరే. కానీ అవతలి మూల, వెండి డబ్బా కింద, ఈ రోజు ఎవరూ చెయ్యి పెట్టని చోట కూడా మూడు అతుకులు తోమిన గిన్నెలా మెరుస్తున్నాయి. డబ్బా అడుగున మూత చుట్టూ కొత్త జిగురు కనబడింది. దాన్లోంచి ఒక నల్ల తీగ బయటికొచ్చి, పెట్టె మధ్య దాకా సాగి, మొదటి వాల్వుకు ఎర్త్ ఇచ్చే కొనకు అతుక్కుని ఉంది.

నేను నిదానంగా నిటారుగా నిలబడ్డాను.

"ఏమండీ" అన్నాను. "దీన్ని చివరగా విప్పింది ఎవరు?"

ఆ ప్రశ్న విని మొహం పక్కకు తిప్పుకున్నవాళ్ళను కొన్ని వందలమందిని చూశాను. మా ఆయన కూడా సరిగ్గా అలాగే తిప్పుకున్నాడు.

"నేనే" అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయిన వారం నువ్వు పరీక్షలకని రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు చూడు. అప్పుడు."

పాత డబ్బాను విప్పి, లోపలి సరుకు తీసేసి, కొత్త కెపాసిటర్లు అందులోనే దూర్చి, పైకి తెలియకుండా మూత అతికించాడట. నా గోటి గీత చెరగకుండా జాగ్రత్తపడ్డాడట. కొత్తవాటి తీగ ఒకటి పొట్టిగా ఉండి పాత చోటుకు అందకపోతే, దానికి నల్ల తీగ కలిపి చేతికి తేలిగ్గా దొరికిన ఎర్త్ కొనకు అతికించాడు. అదే తప్పు. డబ్బాలోకి ఉరికి వచ్చే కరెంటు తిరిగి వెళ్ళే దారి అది. ఆ మురుగంతా తాగేనీళ్ళ కుండలో కలిపినట్టు మొదటి వాల్వు ఎర్త్‌లో కలిసింది. నేను ఆ కుర్చీలో ఉండి ఉంటే స్విచ్ వేసిన అర నిమిషానికి చెప్పేదాన్ని. ఆయన మీటరు పెట్టి చూశాడు, వోల్టులు బాగున్నాయి. తన చెవికి అంతా ప్రశాంతంగానే ఉంది.

"ఎందుకండీ? బాగానే ఉంది కదా అది! నన్ను అడగకుండా ఎందుకు ముట్టుకున్నారు?"

కాలిన వేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు.

"నువ్వు లేకుండా ఒక్కటి చేసి చూద్దామని" అన్నాడు చివరికి. "రేపట్నుంచి ఎలాగూ... నీ చెవి లేకుండా నేను పని చేయగలనో లేదో అని. బాగా తెలిసిన యాంప్ కదా, దీంతో మొదలుపెడదాం అనుకున్నా. అయిపోయాక ఎంత బాగా వచ్చిందనుకున్నానో. నీకు చెప్పకుండా ఉండి, నువ్వు విని బాగుందన్నాక అప్పుడు చెబుదామనుకున్నా."

"పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

"చెబితే నాకు చేతకాదని తేలిపోతుంది కదే. ఇంకెక్కడో తప్పు దొరుకుతుందేమో, నాది కాదేమో అని వెతికా. దొరకాలని ఎంత మొక్కుకున్నానో."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే, బల్ల మీదున్న పెన్సిలు తీసి ఆయన మీదికి విసిరాను, తగల్లేదు. నాకున్నవి ఎనిమిది గంటలు. ఏడు గంటలు తన పరువు కోసం తగలేశాడు. అదే సమయంలో, ఆ రెండు రోజులూ ఈ గదిలో ఒక్కడే కూర్చుని, నా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, ఏమీ వినబడని స్పీకరు ముందు చెవి పెట్టి "బాగా వచ్చింది" అనుకున్న మనిషి కళ్ళకు కట్టాడు. కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు మింగాలో తెలియలేదు. నా తప్పూ ఉంది. దారినపోయేవాళ్ళందరినీ అడిగే ప్రశ్న ఇంట్లోవాణ్ణి అడగలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"పావుగంట."

"కానివ్వండి. ఎడమ చెయ్యి జేబులో."

"స్విచ్ ఆపేసే ఉందిగా."

"అయినా సరే."

నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆయన నల్ల తీగను కత్తిరించాడు. పొడుగుపాటి తీగ తెచ్చి డబ్బా నుంచి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న పాత చోటుకు లాగాడు. ఒంటి చేత్తో టంకం వేయలేక జేబులోంచి చెయ్యి తీస్తానని నా అనుమతి అడిగాడు. అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి ఏమీ అనలేదు, వచ్చి కింద కూర్చుని నా మోకాలి మీద తల పెట్టింది. నేను దాని జుట్టులో వేళ్ళు పెట్టి "ఏదైనా మాట్లాడు" అన్నాను. "ఏం మాట్లాడను?" అంది. "ఏదైనా." తన ఆఫీసులో లిఫ్టు గురించి చెప్పింది. ఎప్పుడూ మూడో అంతస్తులోనే ఆగిపోతుందట. దాని గొంతు చివర్లో కొంచెం పైకి లేస్తుంది, ప్రతి మాటా ప్రశ్నలాగ. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పావుగంట లేకపోతే అది కూడా ఉండేది కాదు.

నాలుగుకు ఎనిమిది నిమిషాలు ఉండగా స్విచ్ వేశాడు. బుడ్డీలు ఎర్రబడ్డాయి. నేను చెవి తిప్పాను.

ఏమీ లేదు. స్పీకరు ఉన్నట్టే లేదు.

"ఆగండి" అన్నాను, ఆయన ఏమీ తిప్పకపోయినా. అలవాటు.

బయట మా మరిది కారు హారన్ మోగింది. అమ్మాయి లేచి "ఆపమని చెప్తా" అంటూ పరిగెత్తింది. రికార్డు ఒక వైపు మొత్తం వినాలంటే ఇరవై నిమిషాలు. మా ఆయన రికార్డు పెట్టి, ముల్లు ఎత్తి, చివరి అంగుళం దగ్గర దించాడు. మధ్యలోంచి వినడం నాకు గిట్టదు, ఆయనకు తెలుసు. "తప్పదు" అన్నట్టు చూశాడు.

వయొలిన్ వచ్చింది. మధ్యలోంచి వచ్చినా నాకు తెలిసిన వయొలినే. సన్నబడింది. ఇంకా సన్నబడింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆగే చోటు వచ్చింది, ఆగింది.

ఆ ఖాళీలో ఒక ఊపిరి వినబడింది. పెద్దది, ముక్కలు ముక్కలైనది, చివర్లో చిన్న ఈల లాంటిది ఉన్నది. మిల్లులో ఆరేళ్ళు దూది పొడి పీల్చినవాడి ఈల అది. మా ఆయన ఏడుస్తున్నాడు. ఏడుస్తూ, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, ఊపిరి బిగపట్టడం మరిచిపోయాడు. తనకు చప్పుడవుతోందని ఆయనకు తెలియదు. తెలిసేంత చెవి లేదు. దాని కింద వయొలిన్ వాయించేవాడు ఊపిరి తీసే ఉంటాడు. నాకు అందలేదు. ఆఖరి స్వరం వచ్చి అయిపోయింది.

"వినబడిందా?" అని అడిగాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"వినబడింది" అన్నాను.

"ఇంకోసారి పెట్టనా? నిమిషం పని."

హారన్ మళ్ళీ మోగింది.

"వద్దు. అదే చాలు" అన్నాను. అబద్ధం కాదు.

ఇది జరిగి పధ్నాలుగు నెలలైంది. గడ్డ పోయింది, చెవి పోయింది. నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ అనుకుంటారు, ఉండదు. నా తలలో ఇరవైనాలుగు గంటలూ జుర్ర్‌మని ఒక శబ్దం ఉంటుంది, అచ్చం ఆ రోజు విన్నదాని లాంటిదే. నరం కోసినచోట అలా రావడం మామూలేనని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. చివరగా విప్పింది ఎవరని ఆయన్ని అడుగుదామనుకుని ఊరుకున్నాను. కొన్ని రోజులు దాన్ని తట్టుకోలేక తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. కొట్టుకున్న రోజులూ ఉన్నాయి.

మా ఆయన శబ్దాన్ని గీతగా చూపించే ఒక యంత్రం కొన్నాడు. యాంప్‌లో హమ్ ఉంటే తెర మీద గీత వణుకుతుంది, లేకపోతే సాఫీగా పోతుంది. ఆయనకు కళ్ళజోడు పెట్టుకున్నా ఆ వణుకు సరిగ్గా కనబడదట, నేనే చూడాలట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి కల్పించిన సాకేమో నాకు తెలియదు. ఈసారి అడగలేదు. తెర ముందు కూర్చుంటాను. ఆయన ఏదో తిప్పుతుంటాడు. గీత సాఫీ అయిన చోట చెయ్యి ఎత్తుతాను.

అప్పుడు ఆయన వైపు చూస్తే, చొక్కా కింద ఛాతీ కదలకుండా ఉంటుంది. నేను వినడం లేదని తెలిసి కూడా ఇంకా ఊపిరి బిగపడతాడు. పీల్చుకోమని సైగ చేస్తాను. ఛాతీ లేస్తుంది, దిగుతుంది. ఆ ఈల ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. ఆ చోటు దాటేదాకా చూస్తూ కూర్చుంటాను.